నాలుగు అరల పుట్టగొడుగుల గుడారం కిట్: తేమ సరే, గాలి సంగతేంది?

ఇంట్లో పుట్టగొడుగులు పెంచాలని ఆన్‌లైన్‌లో వెతికితే ముందు వరసలో కనబడేది ఈ కిట్టే. నాలుగు అరల ఇనుప రాకు (ర్యాక్), దాని మీద జిప్పున్న పారదర్శక ప్లాస్టిక్ తొడుగు, నీటిని పొగమంచులా చేసే ఫాగర్, తేమను చూసి ఫాగర్‌ను నడిపించే కంట్రోలర్, ఒక చిన్న ఫ్యాను, ముడతల పైపు ముక్క. అమ్మేవాళ్ల పేర్లు వేరేగానీ పెట్టె విప్పితే సరుకు దాదాపు ఒకటే. అనంతపురంలో ఎండ తగలని ఉత్తరపు గదిలో, తాడిపత్రి బండల నేల మీద, ఆగస్టు నుంచి మే దాకా నడిపిన తర్వాత రాస్తున్న మాట ఇది.

రాకుకూ ఫాగర్‌కూ పెట్టిన డబ్బు దండగ కాదు. కంట్రోలర్ పర్లేదు. ఫ్యానుకు కనెక్షన్ ఇచ్చిన తీరు మాత్రం పూర్తిగా తప్పు. దాన్ని మార్చకుండా నడిపితే కాడలు వస్తాయి గానీ గొడుగులు రావు. ఐదుకి మూడు మార్కులు, అదీ మార్పులు చేసుకోగలిగినవాళ్లకే.

రాకు కొలతలు 69 సెం.మీ. వెడల్పు, 49 లోతు, 160 ఎత్తు. సన్న పైపులు ప్లాస్టిక్ జాయింట్లలో దూర్చి బిగించుకోవాలి. స్క్రూలుండవు, కాబట్టి బరువు పడేకొద్దీ జాయింట్లు వదులవుతాయి. పుట్టగొడుగులు మొలిచేది గడ్డి సంచుల్లోంచి. కిలో ఎండుగడ్డితో కట్టిన సంచి తడిసిన తర్వాత 3 కిలోల దాకా తూగుతుంది. అరకు రెండు సంచులంటే 6 కిలోలు. పై మూడు అరల్లో ఆరు సంచులు, అడుగు అర ఖాళీ. ఇంతకు మించి పెట్టొద్దు. ప్రకటనలో పన్నెండు సంచులున్న ఫొటో ఉంటుంది, దాన్ని నమ్మి నింపితే మధ్య అర వంగి సంచులు ఒకదానికొకటి ఒత్తుకుంటాయి, ఒత్తుకున్నచోట మొగ్గ రాదు. ప్రతి జాయింటుకూ ఒక కేబుల్ టై వేసి లాగితే ఊగడం ఆగుతుంది. పది నిమిషాల పని.

ప్లాస్టిక్ తొడుగు కుట్టు బాగానే ఉంది. జిప్పు మూల దగ్గర పట్టేస్తుంది, కొవ్వొత్తి రుద్దితే జారుతుంది. మొదటి రెండు రోజులు ప్లాస్టిక్ వాసన ఘాటుగా ఉంటుంది, సంచులు పెట్టకముందే మిద్దె మీద నీడలో ఆరేయండి. అసలు ఇబ్బంది పైకప్పు. బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి ఆవిరి అక్కడ బొట్లు కట్టి నేరుగా పై అర సంచుల మీద పడుతుంది. ఎప్పుడూ తడిగా ఉండే గొడుగు మీద గోధుమరంగు జిగట మచ్చలు వస్తాయి, అది బాక్టీరియా తెగులు. వెనక రెండు మూలల్లో పైపుల మీద చిన్న చెక్క ముక్కలు కట్టి తొడుగును రెండంగుళాలు లేపితే నీళ్లు వాలుగా ముందుకు జారి జిప్పు తెర వెంబడి దిగిపోతాయి. కింద వెడల్పాటి ప్లాస్టిక్ ట్రే పెట్టాలి. అది కిట్‌లో రాదు.

ఇక ఫాగర్. 20 మి.మీ. పింగాణీ బిళ్ల ఒకటి, 24 వోల్టుల అడాప్టరు. ఆ బిళ్ల సెకనుకు దాదాపు 17 లక్షల సార్లు కంపించి నీటి ఉపరితలాన్ని తుంపరగా చీలుస్తుంది. గంటకు 300 మి.లీ. నీళ్లు ఖర్చవుతున్నాయి. ఇది చాలదని చాలామంది ఐదు బిళ్లలదీ పది బిళ్లలదీ కొంటారు. లెక్క వేసి చూడండి. ఈ గుడారం లోపలి ఘనపరిమాణం 0.54 ఘనపు మీటర్లు. 30 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి మహా అయితే 30 గ్రాముల ఆవిరి పట్టుకుంటుంది. తేమ 30 శాతం ఉన్న గాలిని 90కి తేవాలంటే ఘనపు మీటరుకు 18 గ్రాములు, గుడారం మొత్తానికి 10 గ్రాములు, అంటే రెండు టీస్పూన్ల నీళ్లు. గంటకు ఐదుసార్లు గాలి మార్చినా 50 మి.లీ. సందుల్లోంచి పోయేది, గోడల మీద కారిపోయేది కలుపుకున్నా ఒక్క బిళ్ల గంటలో ఇరవై నిమిషాలు నడిస్తే సరిపోతుంది. పది బిళ్లల యంత్రం గదులకు. పైగా ఒక్కో బిళ్ల ఇరవై వాట్లకు పైనే తింటుంది, అదంతా చివరికి నీళ్లను వేడి చేస్తుంది. ఏప్రిల్‌లో గోరువెచ్చటి పొగ ఎవరికి కావాలి?

బిళ్ల పాడయ్యేది నీళ్ల వల్లే. అనంతపురం బోరు నీళ్ల సంగతి ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు, గీజరు కాయిలు చూస్తే చాలు. ఈ ఫాగర్ నీటిని కాచి ఆవిరి చేయదు, ఉన్న నీటిని ఉన్నట్టే తుంపర చేస్తుంది. నీటిలోని ఉప్పులన్నీ పొగతోపాటే బయటికొస్తాయి. టీడీఎస్ (లీటరు నీటిలో కరిగి ఉన్న ఉప్పులు, మిల్లీగ్రాముల్లో) 1000 ఉన్న నీళ్లయితే లీటరుకు గ్రాము ఉప్పు. రోజుకు రెండు లీటర్లు వాడితే రెండు గ్రాముల తెల్లపొడి గొడుగుల మీద, సెన్సర్ మీద, జిప్పు తీసినప్పుడు మీ ఊపిరితిత్తుల్లో. ఆ తెల్లపొడిని బూజనుకుని మంచి సంచులు పారేసేవాళ్లూ ఉన్నారు. వేలితో రాసి చూడండి, గరగరలాడితే సున్నం, మెత్తగా చుట్టుకుంటే బూజు. క్యాన్ నీళ్లే పోయండి, 20 లీటర్ల క్యాన్ పది రోజులకు తక్కువ రాదు. బిళ్ల మీద తెల్లపొర కనబడితే గ్లాసు నీళ్లలో చెంచా నిమ్మ ఉప్పు కలిపి ఇరవై నిమిషాలు నానబెట్టి పాత బ్రష్‌తో తుడవాలి. బ్లేడుతో గీకారో, పైపూత పోయి బిళ్ల చచ్చిపోతుంది. విడి బిళ్లలు దొరుకుతాయి, కొనేటప్పుడే రెండు అదనంగా తెప్పించుకోండి. బిళ్ల మీద నీళ్లు రెండు మూడు సెంటీమీటర్ల లోతుండాలి. అంతకంటే బాగా ఎక్కువైతే పొగ పలచబడుతుంది, బాగా తగ్గితే నీళ్లు చిమ్ముతుంది. అందుకే తేలే చట్రం ఉన్న ఫాగర్ మేలు. ఈ కిట్‌లో ఆ చట్రం లేదు, థర్మోకోల్ రింగు కత్తిరించి తగిలించుకోవచ్చు. బకెట్టులో నీళ్లు మూడు రోజులకోసారి పారబోసి కడగాలి, జిడ్డు పట్టిన నీటిలోని సూక్ష్మక్రిములు కూడా ఆ పొగ ఎక్కే వస్తాయి.

పైపు విషయంలో కిట్‌తో వచ్చిన కాగితం ఏమీ చెప్పదు. ముడతల పైపును బకెట్టు నుంచి నేల మీదుగా వంచి పైకి తీసుకెళ్లినట్టు బొమ్మ ఉంది. అలా పెడితే వంపులో నీళ్లు నిలుస్తాయి, కాసేపటికి పైపు మూసుకుపోతుంది, పొగ బకెట్టులోనే తిరుగుతుంది. ఫాగర్ పాడైందని వాపసు పంపేవాళ్లలో ఎంతమందికి ఇదే కారణమో! బకెట్టు నుంచి పైపు ఎక్కడా కిందికి దిగకుండా ఎత్తుకుంటూ పోవాలి, లోపల కట్టిన నీళ్లు వెనక్కి బకెట్టులోకే జారాలి. ముడతల పైపు మానేసి రెండంగుళాల పీవీసీ పైపు, ఒక ఎల్బో పెట్టుకుంటే ఇంకా నయం. కరెంటు సామాన్లు, ప్లంబింగ్ సామాన్లు టవర్ క్లాక్ చుట్టుపక్కల కొట్లలో దొరికేవే. పొగ బరువు కాబట్టి పై అర దగ్గర వదలాలి, తనంతట తానే కిందికి దిగుతుంది. ఫ్యాను బకెట్టు మూత మీద పొడిగాలిని లోపలికి నెట్టేలా ఉండాలి. పొగను పీల్చేలా తిప్పి పెడితే నెల తిరక్కుండా బేరింగు తుప్పు పడుతుంది.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికి వద్దాం. ఈ కిట్‌లో ఫ్యాను, ఫాగర్ రెండూ కంట్రోలర్‌లోని ఒకే రిలేకి, అంటే ఒకే స్విచ్చికి, కలిపి ఉన్నాయి. తేమ తగ్గితే రెండూ నడుస్తాయి, తేమ చాలితే రెండూ ఆగుతాయి. చూడ్డానికి తెలివైన ఏర్పాటే. కానీ జిప్పు వేసి ఉన్న తడి గుడారంలో తేమ గంటల తరబడి 90 మీదే ఉంటుంది, సెప్టెంబరు ముసురులో అయితే రాత్రంతా. అంతసేపూ ఫ్యాను తిరగదు. ఆరు సంచుల్లోని శిలీంధ్రం ఊపిరి విడుస్తూనే ఉంటుంది, బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పేరుకుంటుంది. బయటి గాలిలో అది 400 పీపీఎంకు, అంటే పది లక్షల పాళ్లలో 400కు, కాస్త ఎక్కువ. ముత్యపు చిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగు గొడుగు విప్పాలంటే 1000 లోపు ఉండాలి. దాటిందంటే కాడ సాగుతుంది, గొడుగు చొక్కా గుండీ అంతే మిగులుతుంది. చూసినవాళ్లు తేమ చాలలేదనుకుని ఇంకా పొగ పెడతారు, రోగం ముదురుతుంది.

దీనికి మందు రెండో ఫ్యాను. 12 వోల్టులది, 80 మి.మీ. కంప్యూటర్ ఫ్యాను చాలు. వెనక తెరకు అడుగు అర ఎత్తులో గుండ్రంగా కత్తిరించి గాలి బయటికి పోయేలా బిగించండి, పైన ఎదురు మూలలో అంతే సైజు రంధ్రం ఇంకోటి. రెండింటికీ 40 మెష్ (అంగుళానికి 40 గళ్లు) నైలాన్ వల అంటించాలి. దోమతెర గుడ్డ చాలదు, పుట్టగొడుగుల ఈగలు అందులోంచి దూరతాయి. ఈ ఫ్యాను కంట్రోలర్‌తో సంబంధం లేకుండా టైమరు మీద నడవాలి. ఏ అడ్డూ లేకపోతే ఇలాంటి ఫ్యాను నిమిషంలోపే గుడారం గాలంతా మార్చేస్తుంది, వల అడ్డున్నప్పుడు రెండు నిమిషాలు వేసుకోండి. పన్నెండు నిమిషాలకోసారి రెండు నిమిషాలు తిరిగితే గంటకు ఐదు సార్లు గాలి మారినట్టు. మామూలు పిన్నుల టైమరు పనికిరాదు, దాంట్లో అతి తక్కువ నడక పావుగంట, ఆ పావుగంటలో మొగ్గలు ఎండిపోతాయి. సెకన్లలో సెట్ చేసుకునే సైక్లిక్ టైమరు అని అడిగి కొనండి. ఈ ఒక్క మార్పుకు ఆరేడు వందలు పడుతుంది, కిట్ మొత్తంలో ఇంత ఫలితమిచ్చే ఖర్చు ఇంకోటి లేదు.

కంట్రోలర్ సెన్సర్‌ను కొన్న రోజే పరీక్షించాలి. సీసా మూతలో చెంచాడు కల్లుప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేదాకా చుక్కలు చుక్కలుగా నీళ్లు కలపండి, కరిగి నీళ్లవకూడదు. ఆ మూతను, సెన్సర్‌ను గట్టి మూతున్న డబ్బాలో పెట్టి, వైరు దూరిన చోట టేపు వేసి, రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే 75 చూపించాలి. గది వేడి 20 అయినా 30 అయినా ఉప్పు తడి దగ్గర తేమ 75 శాతమే ఉంటుంది. ఈ కిట్ సెన్సర్ 68 చూపించింది. అంటే కాగితం చెప్పినట్టు 90కి పెడితే నిజంగా 97 ఉంటుంది, గోడలు కారిపోతాయి. తేడాను గుర్తుంచుకుని సెట్ చేసుకుంటే సరి. అసలు తేమ 82 దగ్గర ఆన్, 90 దగ్గర ఆఫ్ అయ్యేలా ఉంటే ముత్యపు చిప్ప రకాలకు బాగుంటుంది. సెన్సర్‌ను మధ్య అరలో, పొగ నేరుగా తగలనిచోట, గోడకు ఆనకుండా వేలాడదీయాలి. దాని మీద బొట్టు కూర్చుంటే 99 దగ్గర బిగుసుకుపోతుంది, ఫాగర్ ఇక ఆన్ కాదు, సాయంత్రానికి మొగ్గలు వడలిపోయి ఉంటాయి. పైన చిన్న ప్లాస్టిక్ కప్పు బోర్లించి కడితే బొట్టు పడదు, అడుగు మాత్రం తెరిచే ఉండాలి.

కాగితంలో ఇంకో తప్పు: విత్తనం (గింజల మీద పెంచిన శిలీంధ్రం) కలిపిన సంచులను మొదటి రోజే గుడారంలో పెట్టమంటుంది. వద్దు. శిలీంధ్రపు తెల్లపోగు సంచంతా అల్లుకునే పద్దెనిమిది, ఇరవై రోజులు దానికి పొగ అక్కర్లేదు, తాజాగాలి పెద్దగా అక్కర్లేదు, వెలుతురూ వద్దు. 25 డిగ్రీల చీకటి మూల చాలు. ఆ దశలో తడి గుడారంలో పెడితే రంధ్రాల దగ్గర ఆకుపచ్చ బూజు మొదలవుతుంది. సంచి పూర్తిగా తెల్లబడ్డాక లోపలికి తెచ్చి సంచికి గాట్లు పెట్టాలి, అప్పట్నుంచి రోజుకు కొన్ని గంటలు పేపరు చదువుకునేంత వెలుతురు పడాలి.

గడ్డి సంగతి క్లుప్తంగా. వరిగడ్డి మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల ముక్కలు, రాత్రంతా నానబెట్టి, 70 డిగ్రీలకు తగ్గని వేడినీళ్లలో గంట. పిండితే చేతికి తడి అంటాలి, ధార కట్టకూడదు. చెనక్కాయ పొట్టు మన దగ్గర చవకే, గడ్డిలో నాలుగో వంతు దాకా కలపొచ్చు, ఒక్క పొట్టుతోనే సంచి కడితే కుదురుకోదు, నూనె చెక్క ముక్కలు కలిసి ఉంటే కుళ్లుతుంది కూడా. విత్తనం తడిగడ్డి బరువులో మూడు నుంచి ఐదు శాతం. కిట్‌తోపాటు విత్తనం పంపే వాళ్ల దగ్గర కొనకపోవడమే మంచిది, ఎండలో పార్సిల్ వ్యాన్‌లో రెండు రోజులు ఉడికిన విత్తనం మొలవదు. బెంగళూరు హెసరఘట్టలోని ఐఐహెచ్ఆర్ (భారత ఉద్యాన పరిశోధనా సంస్థ)లో విత్తనం అమ్ముతారు, అటు వెళ్లే వాళ్లుంటే రాత్రి బస్సులో తెప్పించుకోవచ్చు.

ఎండాకాలం ఎలా నడుస్తుందన్నది ఇక్కడి కొనుగోలుదారులకు అసలు ప్రశ్న. పొడి ఎండ ఒక రకంగా మేలే. 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న గాలిలో నీళ్లు ఆవిరైతే లెక్క ప్రకారం ఆ గాలి 23 డిగ్రీల దాకా చల్లబడొచ్చు. గుడారంలో అంత దిగదు, పలచని ప్లాస్టిక్ గోడల గుండా గది వేడి వస్తూనే ఉంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నం గది 37 ఉన్నప్పుడు లోపల 31 దగ్గర నిలిచింది. గాలి మారినప్పుడే ఈ చల్లదనం, జిప్పు బిగించి ఫ్యాను ఆపేస్తే ఆవిరవడం ఆగుతుంది, వేడీ ఎక్కుతుంది. 31 డిగ్రీలు తెల్ల ముత్యపు చిప్పకు ఎక్కువ. అందుకే ఆగస్టు చివర నుంచి ఫిబ్రవరి దాకా ముత్యపు చిప్ప, మార్చి నుంచి పాల పుట్టగొడుగు. పాల పుట్టగొడుగుకు 30 నుంచి 35 డిగ్రీలే ఇష్టం. కాకపోతే పోగు అల్లుకున్నాక సంచి పైభాగం కత్తిరించి, ఉడికించిన మట్టిని రెండు మూడు సెంటీమీటర్ల మందాన పరవాలి, మొగ్గ రావడానికి ఆ తర్వాత ఇంకో వారం పది రోజులు. మట్టి పొర మీద పొగ చాలదు, చేతి స్ప్రేతో తడపాల్సిందే. ఎవరైనా ముత్యపు చిప్పను మే నెలలో ఈ కిట్‌తో పండించొచ్చని చెబితే, వాళ్లు ఇక్కడ మే నెల చూడలేదని అర్థం.

కరెంటు పోతే? రెండు గంటల దాకా భయం లేదు, జిప్పు వేసి ఉంచితే తేమ నిలుస్తుంది. అంతకు మించితే తొడుగు చుట్టూ తడి గోనెపట్టాలు కప్పడమే. నిజానికి గోనెపట్టా పాత పద్ధతేమీ కాదు. ఐఐహెచ్ఆర్ వాళ్లు ఆరుబయట పెట్టుకునేలా తయారు చేసిన సోలార్ పుట్టగొడుగుల గదిలో కూడా పైపుల చట్రం, నైలాన్ వల, తడిపే గోనెలే ఉన్నాయి. వల గోడల్లోంచి గాలి దానంతటదే ఆడుతుంది, తడి గోనె చల్లబరుస్తుంది, ఫ్యాను గొడవే లేదు. మన పొడి ఎండకు ప్లాస్టిక్ తొడుగు కంటే అదే సరిపోతుందని మా అభిప్రాయం. ఈ కిట్ రాకు మీదే ప్లాస్టిక్ తీసేసి, వల, గోనె చుట్టి నడిపితే ఏప్రిల్‌లో లోపలి వేడి ఇంకో రెండు డిగ్రీలు తగ్గింది. నీళ్లు మాత్రం మూడింతలు పట్టాయి, గోనెకు బోరు నీళ్లయినా ఫరవాలేదు.

దిగుబడి విషయంలో ప్రకటనలో రాసింది పట్టించుకోకండి. కిలో ఎండుగడ్డి సంచికి రెండు మూడు కోతల్లో కలిపి ముప్పావు కిలో వస్తే బాగా వచ్చినట్టే. గొడుగు అంచు ఇంకా కిందికి వంగి ఉండగానే కొయ్యాలి. అంచు పైకి తిరిగిందంటే సిద్ధబీజాలు (స్పోర్లు) రాలడం మొదలు. తెల్లారి అరల మీద పిండి చల్లినట్టు కనబడేది అదే. ఉబ్బసం ఉన్నవాళ్ల ఇంట్లో అది చిన్న సంగతి కాదు. పడకగదిలో ఈ గుడారం పెట్టొద్దు, జిప్పు తీసేటప్పుడు మాస్కు పెట్టుకోండి, బయటికి పోయే ఫ్యాను గాలిని పైపుతో కిటికీలోంచి పంపండి.

కరెంటు భద్రతకు కిట్‌లో ఏ ఏర్పాటూ లేదు. అడాప్టరు, కంట్రోలరు రెండూ గుడారం బయట, బకెట్టు కంటే ఎత్తున గోడకు బిగించాలి. లోపలి నుంచి వచ్చే ప్రతి వైరూ ప్లగ్గు చేరకముందు ఒక వంపు కిందికి దిగి మళ్లీ పైకి ఎక్కాలి, వైరు వెంట జారే నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఆ ప్లగ్గు పాయింటుకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) లేకపోతే ముందు అది వేయించాక ఈ పని మొదలుపెట్టండి.

మొత్తం కిట్ ఐదు వేల చిల్లర పడింది. ఫాగరు, కంట్రోలరు, సైక్లిక్ టైమరు విడిగా తెప్పించి, ఇంట్లో మూల పడున్న స్లాటెడ్ యాంగిల్ రాకుకు మందపాటి పాలిథిన్ చుట్టుకుంటే దాదాపు సగంలో తేలుతుంది, రాకు కూడా గట్టిది. ఉద్యోగం చేసుకుంటూ, పైపులు కోసి అతికించే తీరిక లేనివాళ్లకు కిట్ సరే, ఎగ్జాస్ట్ ఫ్యాను, టైమరు మాత్రం దాంతోపాటే ఆర్డరు పెట్టుకోవాలి. రెండు సంచులతో సరదాగా చూద్దామనుకునేవాళ్లకు ఇదంతా అక్కర్లేదు. చుట్టూ రంధ్రాలు చేసిన మూత ఉన్న ప్లాస్టిక్ టబ్బు, అడుగున నాలుగంగుళాల తడి పెర్లైట్ (నీటిని పట్టి ఉంచే తేలిక తెల్ల గుళికలు), రోజుకు మూడుసార్లు మూత తీసి అట్టతో విసరడం, ఇంతే పని.